తువ్వాల కింద అమ్మిన షేర్లు

మీరిప్పుడు బస్సులో నిలబడి, ఒక చేత్తో రాడ్డు పట్టుకొని, రెండో చేతి బొటనవేలితో షేర్లు అమ్మేస్తున్నారు. చూస్తూనే ఉన్నాను. మా నారాయణఖేడ్‌లో ఒకప్పుడు వాటిని తువ్వాల కింద అమ్మేవారు. నమ్మితే నమ్మండి, లేకపోతే లేదు. ఆ తువ్వాల కింద ఉన్న రెండు చేతుల్లో ఒకటి మాత్రం నాది.

నేను ఒక షేర్ల కంపెనీ బ్రాంచిలో పనిచేసి రిటైరయ్యాను. బస్ డిపోకి పోయే దారిలో విత్తనాలు, పురుగుమందులు అమ్మే దుకాణం మీద మా రెండు గదులు. పొద్దున షట్టరు ఎత్తగానే కింది మందుల వాసన మెట్లెక్కి పైకొచ్చేది. సాయంత్రానికి మా అన్నం డబ్బాలకు కూడా అదే వాసన. జనం కొనమంటే కొనడం, అమ్మమంటే అమ్మడం నా పని. ఏది కొనాలో, ఎప్పుడు అమ్మాలో చెప్పడం నా పని కాదు. ఒకరి బేరం ఇంకొకరికి చెప్పడం అసలే కాదు. ఈ మాట చెబితే కొత్తవాళ్లు నవ్వుతారు, నోరు మూసుకొని కూర్చోవడానికి కూడా జీతమిస్తారా అని. ఇస్తారు బాబూ. నా జీతంలో సగం దానికే ఇచ్చారనుకుంటాను.

నాతోపాటు ఒక మేడం ఉండేది. ఖాతాలు తెరవడం, సంతకాలు పెట్టించడం, డబ్బు జనం బ్యాంకు ఖాతాల్లోకి పంపించడం ఆమె చూసుకునేది. బీదరు వైపు పుట్టిన మనిషి. మామూలుగా మనలాగే మాట్లాడేది, కోపమొస్తే మధ్యలో కన్నడం దొర్లేది. మేనేజరు సంగారెడ్డిలో ఉండి ఫోనులో అరిచేవాడు. ఆయన్ని ఇందులోకి తేను, ఆ రోజు ఆయన చేసిందేమీ లేదు.

ఇక కాకా. కల్హేర్ దిక్కు నుంచి వచ్చేవాడు. అసలు పేరు పెట్టి నేను పిలిచిన గుర్తు లేదు, అంగడి మొత్తానికి ఆయన కాకానే. పశువుల దలాలీ చేసేవాడు. ఎద్దు పళ్లు చూసి, తోక పట్టి, నాలుగడుగులు నడిపించి 'తీసుకో' అన్నాడంటే కొనేవాడు ఇంకేమీ చూసుకునేవాడు కాదు. ఎందుకంటే కాకా మాటిచ్చిన ఎద్దు నాగలికి కట్టగానే కూలబడిందంటే ఆ నష్టం కాకాది. కొన్నవాడి ఇంటికి పోయి, పక్కకు పిలిచి, తన చేతి నుంచి తీర్చి వచ్చేవాడు. నలుగురిలో ఇచ్చేవాడు కాదు. నలుగురిలో ఇస్తే కొన్నవాడి తెలివితక్కువతనం ఊరికి తెలుస్తుందట. ఇది ఆయన తనకు తాను పెట్టుకున్న కట్టుబాటు. మిగతా దళారులు దీనికి ఆయన్ని తిట్టుకునేవాళ్లు, తామూ చేతి నుంచి పెట్టవలసి వస్తుందని.

మోకాళ్లు పట్టేసి అంగళ్లు తిరగడం తగ్గాక కాకా కొంత డబ్బు షేర్లలో పెట్టాడు. హైదరాబాద్‌లోని ఒక కంప్యూటర్ కంపెనీవి. అవి తప్ప వేరేవి కొనలేదు. ఎందుకు కాకా, కొంచెం లాభమొచ్చినప్పుడు అమ్ముకోవచ్చుగా అని మేడం అడిగితే ఆయన ఒకటే మాట చెప్పాడు.

"గవి నా సావు ఖర్చు బిడ్డా. కట్టెలు, డప్పులు, దినాలు. కొడుకులు ఒకని మొకం ఒకడు చూసుకుంట నిలవడొద్దు."

తువ్వాల సంగతి ఆయనతోనే మొదలైంది. మొదటి రోజు పైకొచ్చి, గదిలో కూర్చున్న జనాన్ని చూసి, భుజం మీది తువ్వాల తీసి నా బల్ల మీద పరిచాడు.

"చెయ్యి ఇయ్యి సారూ."

"ఎందుకు కాకా? నోటితో చెప్పు."

"నలుగురు ఇనంగ బేరం చెప్తరా ఎవలన్న? నా ధర ఆళ్లకెందుకు?"

పశువుల అంగట్లో బేరం అలాగే జరుగుతుంది. అమ్మేవాడు, దళారి తువ్వాల కింద చేతులు కలుపుతారు. ఎన్ని వేళ్లు పట్టాడన్నదే ధర. నచ్చకపోతే చేయి లాగేసుకుంటారు. నచ్చితే అరచేయి మొత్తం గట్టిగా నొక్కుతారు, అంతే, ఇక ఆ బేరం తిరగదు. ఎంతకు కుదిరిందని పక్కనున్నవాడు అడగడు. అడిగితే మర్యాద కాదు. అమ్మడమా, కొనడమా అన్నది అంగట్లో చెప్పే పని లేదు, ఎద్దు ఎవరి చేతిలో ఉందో కనిపిస్తుంది. మా దగ్గర ఎద్దు లేదు కాబట్టి మేమిద్దరం ఒకటి కల్పించుకున్నాం. చేయి వెల్లకిలా పెడితే కొనడం, బోర్లా పెడితే అమ్మడం. తర్వాత రూలు ప్రకారం ఆయన చీటీ మీద సంతకం చేసేవాడు.

ఆరు నెలల్లో మా ఆఫీసుకు ఇదో అంటువ్యాధి అయింది. ఎద్దు తోక ముట్టుకొని ఎరగని ఆర్టీసీ డ్రైవర్లు, రిటైరైన టీచర్లు కూడా తువ్వాలలు వేసుకొని రావడం మొదలుపెట్టారు. ఎండాకాలం ఆ చెమట చేతులు పట్టుకోలేక చచ్చేవాణ్ని.

"సారూ, పొద్దుగాల్ల నుంచి ఎంతమందిని పాణిగ్రహణం చేసుకున్నరు?" అని మేడం ఏడిపించేది.

ఇంకొక్క మనిషి ఉన్నాడు, అతని కోసమే ఇదంతా చెబుతున్నది. మా ఖేడ్ నుంచి కల్హేర్‌కు ఆటో నడిపేవాడు. నేను తమ్ముడూ అనేవాణ్ని, ఇక్కడా అలాగే అంటాను. వాళ్ల నాన్న కరువు సంవత్సరాల్లో బోరున్న పొలం అమ్ముకొని పోయాడు. ఆ పొలం వాళ్ల ఇంటికీ ఊరికీ నడుమ ఉంది. వాళ్ల అమ్మ దాని గట్టు మీద నడవడానికి మనసొప్పక చుట్టు తిరిగి ఊళ్లోకి వచ్చేదట. తమ్ముడు ఏళ్ల తరబడి ఆటో తోలి, భార్య కూలికి పోయి, కూడబెట్టి కొన్నాయన దగ్గరికి వెళ్లి పొలం తిరిగి అడిగాడు. కొన్నాయన ఎంగిలి చేత్తో కాకిని తోలని మనిషి. ఎలాగో ఒప్పుకొని బయానా తీసుకున్నాడు. అనుకున్న రోజుకు మిగతా డబ్బు మొత్తం తెచ్చి రిజిస్ట్రేషన్ చేయించుకోవాలి, లేకపోతే బయానా పోయినట్టే, పొలం పోయినట్టే.

డబ్బు ఉంది. రిజిస్ట్రేషన్ ఖర్చులకే కొంచెం తక్కువ పడింది. గడువు ఇంకా నెల పైనే ఉంది. మా ఆఫీసులో చూస్తే ఆ కంప్యూటర్ కంపెనీ షేరు రోజూ పైకి పోతోంది, మూడు నెలల లాభనష్టాల ఫలితాలు రాబోతున్నాయి, చాలా బాగుంటాయని టీవీ చెబుతోంది. తమ్ముడు పొలం డబ్బు తెచ్చాడు.

"బేడ తమ్మీ, వద్దు. గా పైసలు బ్యాంకుల ఉండనియ్యి. నెత్తి మీద గడువు పెట్టుకొని ఈ మెట్లెక్కొద్దు," అంది మేడం.

తమ్ముడు ఆమెకు జవాబివ్వలేదు. కిటికీ పక్కన కూర్చున్న కాకా వైపు తిరిగాడు. "ఏమంటవ్ కాకా?"

కాకా చాలాసేపు తెర మీది అంకెలనే చూశాడు. ఎద్దును చూసినట్టే చూశాడు. "కంపెనీ మంచిదే రా. నాకున్నయ్ గద. నా మాట మీద తీస్కో."

నా మాట మీద. అంగట్లో ఆ ముక్కకు బరువెంతో ఆ గదిలో ఉన్న అందరికీ తెలుసు. ఎద్దుకు పళ్లుంటాయి, చూడొచ్చు. దీనికి ఏముంది చూడడానికి? కానీ చెప్పడం నా పని కాదన్నాను గదా. అతని పేరున కొన్నాను.

ఇక అందరూ ఫలితాల కోసం కాచుకొని కూర్చున్నారు. తమ్ముడు బోరంచ పోయి నల్లపోచమ్మకు మేకను మొక్కుకొని వచ్చాడు.

"ఏమని మొక్కినవ్?" అని అడిగింది మేడం.

"ఫలితాలు మంచిగ రావాలని మొక్కిన మేడం."

ఫలితాలు మంచిగానే వచ్చాయి. మార్కెట్ మూసేశాక సాయంత్రం చెప్పారు. లాభం అందరూ అనుకున్న దాని కన్నా ఎక్కువ. టీవీలో సూటు వేసుకున్నవాళ్లు ఒకరికొకరు శుభాకాంక్షలు చెప్పుకున్నారు. మా వాళ్లు తమకేదో ఉద్యోగం వచ్చినంత సంబరంగా ఫోన్లు చేసుకున్నారు. మరుసటి రోజు నేను షట్టరు ఎత్తేసరికి మెట్ల మీద జనం. ఒక టీచరు జిలేబీలు తెచ్చాడు. కాగితం నుంచి పాకం కారి నా బల్లంతా జిగట. తమ్ముడు ఆటో కింద పెట్టి, ఉతికిన చొక్కా వేసుకొని వచ్చాడు. రిజిస్ట్రేషన్‌కు ఇంకా నాలుగైదు రోజులే ఉంది. అమ్మితే డబ్బు ఖాతాలో పడటానికి రెండు రోజులు పడుతుంది. అంటే అమ్మాల్సిందే, ఆ రోజో మరుసటి రోజో.

మార్కెట్ తెరిచారు. షేరు ఎగిరి పైకి పోయింది. జిలేబీలు చేతులు మారాయి. మేడం తమ్ముడి దగ్గరికి వచ్చి మెల్లగా అంది, "అమ్మెయ్ తమ్మీ. వచ్చింది గద నీకు గావాల్సింది."

తమ్ముడు కాకాను చూశాడు. కాకా అన్నాడు, "జర ఆగు రా. ఇప్పుడే గద లేసింది."

అది కాకా నిజంగా నమ్మి చెప్పిన మాట. ఇది మీరు గుర్తు పెట్టుకోవాలి.

తర్వాత అది పడటం మొదలైంది. కొంచెం కాదు. మేం చూస్తుండగానే కొన్న ధర కిందికి పోయింది, ఇంకా పోతోంది. ముందు ఎవరూ నమ్మలేదు. కంప్యూటరు పాడైందేమో అన్నాడు ఒకాయన. ఇంకొకాయన టీవీ మీద చేత్తో కొట్టాడు. ఫలితాలు చెడిపోయాయా అని నన్నడిగారు. లేదు, బాగానే ఉన్నాయి. మరెందుకు పడుతోంది? ఈ ప్రశ్న నన్ను ఆ రోజు ఎంతమంది అడిగారో లెక్క లేదు.

ఇప్పుడు తీరిగ్గా చెబుతాను. ఫలితాలు బాగుంటాయని దేశం మొత్తానికి ముందే తెలుసు. ఆ మంచి అంతా నెల రోజులుగా ధరలో కలిసిపోతూనే ఉంది. మా వాళ్లు కొన్నదే ఆ మంచిని. ఇక కొత్తగా వచ్చిన ముక్క ఒక్కటే, వచ్చే మూడు నెలలు ఇంత బాగుండకపోవచ్చని కంపెనీ పెద్దలు చివర్లో మెల్లగా అన్నది. పెద్ద పెద్దవాళ్లు ఆ ఒక్క ముక్క విని అమ్ముకొని పోయారు. కంది బాగా పండిన ఏడాది ధర పడిపోతుందని మా రైతులకు ఎవరూ చెప్పనక్కర్లేదు. కానీ మా మెట్లెక్కగానే ఆ బుద్ధి కింద మందుల దుకాణంలో వదిలి వచ్చేవారు. తమ్ముడి మొక్కు కూడా అంతే. అమ్మవారు ఏం తప్పు చేసింది? ఫలితాలు అడిగాడు, ఫలితాలు ఇచ్చింది. ధర అడగలేదు.

కాకా కిటికీ దగ్గరే కూర్చున్నాడు. "ఆగుదామా కాకా?" అని ఎవరో అడిగితే "ఆగుండ్రి. తొందరపడకుండ్రి," అన్నాడు. కాసేపయ్యాక లేచాడు. మోకాళ్లు పట్టుకొని నా బల్ల దగ్గరికి వచ్చి, జిలేబీ పాకం తుడిచి, తువ్వాల పరిచాడు. నేను చేయి పెట్టాను. ఆయన చేయి బోర్లా వచ్చింది.

అమ్మకం. ఎన్ని అని వేళ్లతో అడిగాను. మొత్తం అన్నాడు, వేళ్లతోనే.

నేను ఆయన ముఖంలోకి చూశాను. సావు ఖర్చు కాకా, అనాలనిపించింది. అరచేయి మొత్తం గట్టిగా నొక్కి, చేయి తీసుకున్నాడు. నేను మీట నొక్కాను.

మా టెర్మినల్‌లో కొనేటప్పుడు తెర మీద నీలం రంగు గడి తెరుచుకుంటుంది, అమ్మేటప్పుడు ఎర్ర రంగుది. తువ్వాల చేతులను దాచింది గానీ తెరను దాచలేదు. తమ్ముడు నా వెనకే నిలబడి ఉన్నాడు.

"ఎర్రది," అన్నాడు. "కాకా, నువ్వు అమ్ముకుంటున్నవా?"

గదంతా ఇటు తిరిగింది.

"మమ్ముల ఆగుమని చెప్పి నువ్వు అమ్ముకుంటున్నవా కాకా? నీ మాట మీద తీస్కున్న గద నేను. మా అమ్మ భూమి పైసలు గవి."

కాకా తువ్వాల దులిపి భుజం మీద వేసుకున్నాడు. ఒక్క మాట, ఒక్కటంటే ఒక్కటి చెప్పి ఉంటే సరిపోయేది. కానీ తువ్వాల కింద జరిగిన దానికి పైన సంజాయిషీ ఇవ్వడం ఆయన జన్మలో చేయలేదు. రైలింగు పట్టుకొని ఒక్కో మెట్టూ దిగి వెళ్లిపోయాడు. వెనక నుంచి ఎవరో "దలాలీ బుద్ధి" అన్నారు. అది ఆయనకు వినిపించింది, నేను చూశాను.

ఆ తర్వాత నా బల్ల మీద పడ్డారు జనం. తువ్వాల లేదు, పరదా లేదు, అందరూ అమ్ము అమ్ము అని నోటితోనే అరిచారు. తమ్ముడు కూడా అమ్మాడు. ఆ రోజు మొత్తంలో అన్నిటికన్నా తక్కువ ధర అతనిది. మధ్యాహ్నానికి షేరు కొంచెం తేరుకుంది, అప్పటికి మా గదిలో ఎవరూ లేరు. మేడం నేల మీద తొక్కిన జిలేబీ ముక్కలు ఊడుస్తూ తనలో తాను కన్నడంలో ఏదో అనుకుంది. నేను అర్థం అడగలేదు.

నిజం చెప్పాలంటే నాకూ కాకా మీద మండింది. రెండు రోజులకు ఆయన వచ్చి, నా వైపు చూడకుండా, మేడం ముందు కూర్చున్నాడు.

"పైసలు నా ఖాతల పడ్డయా?"

"పడ్డయ్ కాకా."

"ఆ ఆటో పిలగానికి ఎంత తక్కువ పడ్డదో జర చెప్పు బిడ్డా."

మేడం మొహం ఎర్రబడింది. "చెప్ప. ఒకల లెక్క ఇంకొకలకు చెప్పం ఇక్కడ. నీకెందుకు కాకా ఇంక?"

"మంచిగన్నవ్. చెప్పొద్దు," అని లేచి వెళ్లిపోయాడు. ఆరా తీయడానికి వచ్చాడు చూడు సిగ్గు లేకుండా, అంది మేడం. నేనూ తలూపాను.

రిజిస్ట్రేషన్‌కు సాక్షి సంతకం పెట్టమని తమ్ముడు నన్ను పిలిచాడు. వాళ్ల అమ్మను కూడా తీసుకొచ్చాడు. చేతిలో డబ్బు తక్కువే ఉంది. కాళ్లావేళ్లా పడి గడువు అడుగుదామని వచ్చాడు. ఆ ముసలామె రిజిస్ట్రేషన్ ఆఫీసు బయట గోడకు ఆనుకొని, కొంగు నోట్లో పెట్టుకొని కూర్చుంది. నేను ఆమె వైపు చూడలేకపోయాను.

భూమి ఇచ్చే ఆయన వచ్చాడు. తమ్ముడు చేతులు జోడించి నోరు తెరవబోతే, ఆయనే విసుగ్గా చేయి ఊపాడు.

"తక్కువ పడ్డదంట గద. పోనియ్యి. ఉన్నది ఇయ్యి. జల్దీ సంతకం పెట్టించుకో, నాకు పనుంది."

తమ్ముడు ఆయన కాళ్ల మీద పడ్డాడు. ముసలామె ఏడ్చింది. నేను మాత్రం నోరు వెళ్లబెట్టి నిలబడ్డాను. ఈ మనిషి టీ తాగితే డబ్బులు పక్కవాడితో ఇప్పించే మనిషి. సంతకాలయ్యాక ఆయన్ని పక్కకు తీసుకెళ్లి, ఏంది సంగతని నిలదీశాను.

"నన్నడగకు సారూ. తువ్వాల కింద చెయ్యి వట్టిండు. నేను చెప్పొద్దు."

ఆ రోజుల్లో ఈ చుట్టుపక్కల తువ్వాల పరిచే మనిషి ఎవరో నాకు వేరే చెప్పాలా. అక్కడికక్కడే మెట్ల మీద కూర్చుండిపోయాను. ఎద్దు కూలబడింది. మాటిచ్చినవాడు కొన్నవాడి నష్టం తీర్చాడు, ఎవరికీ తెలియకుండా. ఆ రోజు ఆయన అమ్మింది పారిపోవడానికి కాదు. గడువులోగా డబ్బు చేతికి రావాలని.

ఆ ఆదివారం కల్హేర్ పోయాను. కాకా ఇంటి ముందు నులక మంచం మీద కూర్చొని ఉన్నాడు. చుట్టూ ఎవరూ లేరు. అంగట్లో ఆయన పక్కన ఇప్పుడు ఎవరూ కూర్చోవడం లేదనీ, ఆయన మాట మీద ఎవరూ పశువును కొనడం లేదనీ అప్పటికే విన్నాను.

"తమ్ముడికి చెప్తా కాకా," అన్నాను.

"ఏం చెప్తవ్?"

"నువ్వు చేసింది."

"చెప్తే ఏమైతది? పొలంల అడుగు పెట్టినప్పుడల్ల ఇది కాకా ఇచ్చిన పైసలు అనుకుంటడు. ఆ ముసలిదాని నోట్లెకు ముద్ద దిగదు. ఆళ్ల భూమి ఆళ్లకొచ్చింది, అంతే ఉండని."

"మరి నీ పేరు?"

"తప్పు మాటిచ్చిన సారూ. ఎద్దు పళ్లు చూస్త. గా కంపెనీ పళ్లు నేనేం చూసిన? మాట నాది, నష్టం నాది. తువ్వాల కిందిది తువ్వాల కిందనే ఉండాలె." తర్వాత నా చేయి పట్టుకొని అరచేయి మొత్తం నొక్కాడు. నన్నూ బేరంలో కట్టేశాడు ముసలాయన.

అలా కొన్నేళ్లు గడిచాయి. ఆ షేరు తిరిగి లేచింది, కొన్న ధరను దాటి ఎక్కడికో పోయింది. దాన్ని చూసినప్పుడల్లా నాకు కోపం తప్ప ఇంకేం వచ్చేది కాదు. జనానికి ఫోన్లొచ్చాయి, తువ్వాలలు పోయాయి. తమ్ముడు బోరంచలో మేకను ఎప్పుడో ఇచ్చేశాడు. ఫలితాలు మంచిగొచ్చినయ్ గద సారూ, మొక్కు మొక్కే అన్నాడు. కాకాను చూస్తే మాత్రం ఆటో ఆపకుండా పోయేవాడు. ఒకసారి నేను ఆ ఆటోలోనే ఉన్నాను. దారి పక్కన ఎండలో కాకా చేయి ఎత్తాడు, ఆటో ఆగలేదు. నేను పళ్లు బిగించి కూర్చున్నాను. నా ఉద్యోగంలో నోరు మూసుకోవడం అంత కష్టమైన రోజు ఇంకొకటి లేదు.

చివరికి సంగతి బయటపెట్టింది ఆ భూమి అమ్మినాయనే, తన పిసినారితనంతోనే. తమ్ముడు పక్కనున్న చిన్న ముక్క కూడా కొందామని పోయి, పోయినసారి లాగే కొంచెం తగ్గించు పెద్దాయనా అన్నాడట. ఆయనకు ఒళ్లు మండిపోయింది.

"నేనెప్పుడు తగ్గించిన? ఒక్క రూపాయి ఇడిసిపెట్టలే నేను. నీకు ఎంత తక్కువ పడ్డదో అంత మీ కాకా కట్టిండు."

తమ్ముడు అటు నుంచి అటే మా ఇంటికి వచ్చాడు. నేను అప్పటికి రిటైరయ్యాను. గుమ్మంలోనే నిలబడి అడిగాడు.

"నీకు ఎరుకనా సారూ?"

"ఎరుకే."

"మరి ఇన్నేండ్లు ఎందుకు చెప్పలే?"

"చెయ్యి పట్టి ఒప్పుకున్న తమ్ముడూ."

అతను గోడకు తల ఆనించి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. ఎంతమందిల గా మాటన్న సారూ, ఎంతమందిల అన్న, అదే మాట మళ్లీ మళ్లీ. ఏడుపు ఆగాక, ఆటో ఎక్కుమన్నాడు.

కాకాకు అప్పటికి పక్షవాతం వచ్చి కుడి చేయి పడిపోయింది. అదే నులక మంచం మీద ఉన్నాడు. తమ్ముడు మంచం పక్కన నేల మీద కూర్చొని, భుజం మీది తువ్వాల తీసి కాకా కుడి చేయి మీద కప్పి, కింద నుంచి చేయి పెట్టాడు. కాకా అతన్ని చూశాడు, నన్ను చూశాడు. సంగతి అర్థమైంది.

"అది పని చేస్తలేదు రా," అన్నాడు ముద్దగా. ఎడమ చేయి తెచ్చి తువ్వాల కింద పెట్టాడు.

తమ్ముడు ఏదో ధర చెప్పాడు. కాకా చేయి లాగేసుకున్నాడు. తమ్ముడు మళ్లీ పట్టుకున్నాడు, కాకా మళ్లీ లాగేసుకున్నాడు. డబ్బు తీసుకోడని తెలిసిపోయింది. తమ్ముడు తర్వాత వేళ్లతో చెప్పలేనిది ఏదో కాకా చెవి దగ్గరికి వంగి చెప్పాడు. నాకు వినపడలేదు. కాకా కళ్లు మూసుకున్నాడు. తువ్వాల కింద చేయి ఈసారి అక్కడే ఉంది, అరచేయి గట్టిగా నొక్కుకోవడం బట్ట మీదుగా కూడా కనిపించింది.

తిరిగి వచ్చేటప్పుడు, ఏం కుదిరింది తమ్ముడూ అని అడిగాను. అడగకూడదని తెలిసీ అడిగాను.

"తువ్వాల కిందిది సారూ," అన్నాడు.

తర్వాతి అంగడి రోజు కాకా ఆ ఆటోలో ముందు సీటులో, తమ్ముడి పక్కన కూర్చొని ఖేడ్ వచ్చాడు. తమ్ముడు ఆయన్ని ఎత్తుకొని పోయి పాత చోట కూర్చోబెట్టి, తానూ పక్కనే కూర్చొని అందరికీ టీ చెప్పాడు. ఎవరికీ ఏమీ వివరించలేదు. ఆ రోజు నా వెనక నిలబడి అరిచిన మనిషే పక్కన కూర్చున్నాక ఇంకెవరికి ఏం చెప్పాలి? ఒకరొకరే వచ్చి కూర్చున్నారు. కాకా ఇంకో రెండు మూడు ఎండాకాలాలు అలాగే వచ్చి వెళ్లాడు.

ఆయన పోయిన రోజు పొద్దున్నే నేను కల్హేర్ వెళ్లేసరికి కొడుకులిద్దరూ వాకిట్లో ఒకరి ముఖం ఒకరు చూసుకుంటూ నిలబడి ఉన్నారు. అచ్చం కాకా భయపడ్డట్టే. చెడ్డవాళ్లు కారు, చేతిలో లేదు, అంతే. అప్పుడే తమ్ముడి ఆటో వచ్చి ఆగింది. వెనక ట్రాక్టరులో కట్టెలు, ఆ వెనక డప్పులవాళ్లు. తమ్ముడు దిగి కొత్త బట్ట, పూలు లోపలికి తీసుకుపోయాడు. దినాలకు వంట సామాను కూడా చెప్పి వచ్చానన్నాడు.

పెద్ద కొడుకు అతని చేయి పట్టుకొని ఆపాడు. "నువ్వెందుకు పెడ్తున్నవ్ తమ్మీ?"

తమ్ముడు ఒకసారి నా వైపు చూశాడు. "నేనూ కాకా చెయ్యి కలుపుకున్నం అన్నా. బేరమైపోయింది."

పెద్ద కొడుకు చేయి వదిలేశాడు. వాకిలి నిండా అంగడి మనుషులు ఉన్నారు. ఎంతకు కుదిరిందని ఒక్కరూ అడగలేదు.